శెనక్కాయల పంతులు జార్జ్ వాషింగ్టన్ కార్వర్



బెంగుళూరు నుంచి వచ్చే రైలు హిందూపురం దాటి, పెనుకొండ మీదుగా ధర్మవరం చేరేలోగా, వానలు సకాలంలో పడిన ఏడాది కిటికీలో నుంచి చూస్తే ఇరువైపులా కనిపించేది వేరుశనగ పైరే. మనలో చాలామంది చదువులు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఆ శెనక్కాయల మీదనే జరిగాయి. వానలు మొహం చాటేసిన ఏడాది అప్పులూ ఆ శెనక్కాయల మీదనే పెరిగాయి. రాగి సంగటిలోకి శెనక్కాయల పచ్చడి లేని ఇల్లు మన సీమలో లేదు. అయినా ఈ గింజ విలువను లోకానికి చాటిన ఒక నల్లజాతి ఉపాధ్యాయుని జీవితం మనలో కొద్దిమందికే తెలుసు. ఆయన పేరు జార్జ్ వాషింగ్టన్ కార్వర్. బానిసగా పుట్టి, బట్టలుతికి చదువుకుని, 47 సంవత్సరాలు ఒకే విద్యాసంస్థలో పనిచేసి, దాచుకున్న సొమ్మంతా దానికే ఇచ్చి వెళ్ళిన ఆ మహనీయుని గురించి ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు మనవి చేయదలచాను.

పుట్టుక, బాల్యం

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో డైమండ్ అనే చిన్న ఊరి దగ్గర మోజెస్ కార్వర్ అనే తెల్లజాతి రైతు ఉండేవాడు. ఆయన కొనుక్కున్న బానిస స్త్రీ పేరు మేరీ. ఆమె కొడుకే మన జార్జ్. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. బానిసల పిల్లల పుట్టుక పశువుల ఈతలాగే లెక్కలోకి వచ్చేది. 1864 ప్రాంతమని చరిత్రకారులు అంచనా కట్టారు. తండ్రి పక్క పొలంలో బానిస. బిడ్డ కళ్ళు తెరవకముందే ఒక ప్రమాదంలో ఆయన చనిపోయాడు.

అవి అమెరికాలో అంతర్యుద్ధపు రోజులు. ఒక రాత్రి దోపిడీ ముఠా ఆ ఇంటి మీద పడి తల్లిని, చంటిబిడ్డను ఎత్తుకుపోయింది. బానిసలను దొంగిలించి వేరే రాష్ట్రంలో అమ్ముకోవటం వారి వ్యాపారం. మోజెస్ కార్వర్ ఒక మనిషిని వెదకడానికి పంపాడు. అతడు అర్కాన్సా వైపు వెళ్ళి, కోరింత దగ్గుతో ఊపిరాడని పసిగుడ్డును మాత్రం తిరిగి తెచ్చాడు. అందుకు ప్రతిఫలంగా కార్వర్ అతనికి ఒక గుర్రాన్ని ఇచ్చాడు. మేరీ జాడ ఆ తరువాత ఎన్నడూ తెలియలేదు. తల్లి ముఖం ఎలా ఉండేదో తెలియకుండానే ఆ బిడ్డ పెరిగాడు.

1865 జనవరిలో మిస్సోరీలో బానిసత్వం రద్దయింది. పిల్లలు లేని ఆ రైతు దంపతులు జార్జ్‌ను, అతని అన్న జిమ్‌ను తమ ఇంట్లోనే పెంచారు. జార్జ్ బలహీనుడు కావటంతో పొలం పనికి పోలేదు. ఇంటావిడ సుసాన్ దగ్గర వంట, కుట్టుపని, అల్లికలు, అక్షరాలు నేర్చుకున్నాడు. తీరిక దొరికితే అడవిలోకి పోయి మొక్కలు తెచ్చి ఒక చాటుచోట పెంచేవాడు. వాడిపోతున్న మొక్కను చూసి, దాని వేళ్ళను చూసి, రోగం ఏమిటో చెప్పేవాడట. చుట్టుపక్కల వాళ్ళు ఆ పసివాణ్ణి మొక్కల డాక్టరు అని పిలవసాగారు.

చదువు కోసం కాలినడకన

మనలాంటి ఉపాధ్యాయులకు మనసు కలుక్కుమనే సంగతి ఒకటి చెప్పాలి. ఆ మిస్సోరీ రాష్ట్రంలోనే 1847లో నల్లవారికి చదవటం, రాయటం నేర్పడం నేరమని చట్టం చేశారు. బానిసత్వం పోయిన తరువాత కూడా ఊరిబడిలోకి నల్లపిల్లలను రానివ్వలేదు. సుమారు 8 మైళ్ళ దూరంలోని నియోషో పట్టణంలో నల్లపిల్లలకు బడి ఉందని విని, 12 ఏళ్ళ వయసులో జార్జ్ ఒంటరిగా నడిచి వెళ్ళాడు. మొదటి రాత్రి ఒక పశువుల కొట్టంలో పడుకున్నాడు. తెల్లవారి ఆ ఇంటి ఇల్లాలు మరియా వాట్కిన్స్ చూసి చేరదీసింది. ఆమె మంత్రసాని, మూలికా వైద్యం తెలిసిన మనిషి. అప్పటిదాకా అతడు తనను కార్వర్ వారి జార్జ్ అని చెప్పుకునేవాడు. ఇక మీదట ఎవరి సొత్తులాగానో చెప్పుకోవద్దని, జార్జ్ కార్వర్ అని చెప్పుకోవాలని ఆమె నేర్పింది. నేర్చుకున్నదంతా తన జనానికి తిరిగి పంచాలని కూడా చెప్పింది. ఆ మాట ఆయన జీవితాంతం మరువలేదు.

నియోషోలోని పంతులుకు తెలిసింది అయిపోగానే జార్జ్ కాన్సాస్ రాష్ట్రానికి సాగిపోయాడు. 1879లో ఫోర్ట్ స్కాట్ అనే పట్టణంలో ఒక నల్లజాతి మనిషిని గుంపు చంపి తగలబెట్టడం కళ్ళారా చూశాడు. ఆ రాత్రే ఊరు వదిలేశాడు. ఆ దృశ్యం ముసలితనంలో కూడా తనను వదలలేదని ఆయన చెప్పుకున్నాడు. తరువాత ఊరూరా బట్టలుతుకుతూ, వంటలు చేస్తూ ఉన్నత పాఠశాల చదువు పూర్తి చేశాడు. అదే ఊళ్ళో మరో జార్జ్ కార్వర్ ఉండటంతో ఒకరి ఉత్తరాలు మరొకరికి పోయేవి. ఆ చిక్కు తప్పించుకోవడానికి పేరు మధ్యలో ఒక అక్షరం చేర్చుకుంటే, అది కాలక్రమాన వాషింగ్టన్ అయింది. ఇనిషియళ్ళ తేడాతో పెన్షన్ కాగితాలు వెనక్కి వచ్చిన మన మిత్రులకు ఈ చిక్కు వేరే వివరించనక్కరలేదు.

1885లో హైలాండ్ అనే ఊరిలోని ఒక కళాశాల ఉత్తరం మీద సీటు ఇచ్చింది. ఎదురుగా వచ్చి నిలబడితే, ఒంటి రంగు చూసి లేదు పొమ్మంది. చేతిలో ఉన్నదంతా ప్రయాణానికే ఖర్చయిపోయింది. కొంతకాలం కాన్సాస్ మైదానంలో గడ్డిపెళ్ళలతో ఇల్లు కట్టుకుని సేద్యం చేశాడు. చివరకు అయోవా రాష్ట్రంలోని సింప్సన్ కళాశాల 1890లో ఆయనను చేర్చుకుంది.

పాటలు, బొమ్మలు

విజ్ఞానవేత్తగా ప్రసిద్ధుడైన కార్వర్ కళాశాలలో మొదట చేరింది చిత్రలేఖనానికి, పియానో వాద్యానికి. వింటర్‌సెట్ అనే ఊళ్ళో చర్చిలో ఆయన పాట విని ముచ్చటపడిన ఒక డాక్టరు గారి కుటుంబమే ఆయనను కాలేజీకి వెళ్ళమని పోరింది. చిన్ననాటి దగ్గు వల్ల ఆయన గొంతు జీవితాంతం సన్నగా, స్త్రీల గొంతులా ఉండేది. మాట్లాడితే నవ్వేవారు గానీ, పాడితే నిశ్శబ్దంగా వినేవారు. ఆయన వేసిన యక్కా, నాగజెముడు మొక్కల చిత్రం 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకు ఎంపికై ప్రశంస పొందింది. మన వివేకానందస్వామి సర్వమత సభలో ప్రసంగించింది కూడా ఆ ఏడాది, ఆ చికాగో నగరంలోనే.

ఇక్కడ నల్లవారి సంగీతం గురించి కొంచెం చెప్పాలి. అక్షరం నిషేధించిన చోట పాటే వారికి పుస్తకమయింది. పత్తి చేలలో ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకునే ఆ పాటల్లో వారి దుఃఖం, దేవుని మీద భారం, విముక్తి ఆశ ఉండేవి. మన పల్లెల్లో కలుపు తీస్తూ పాడుకునే పాటలు, రాత్రి పూట భజన మందిరంలో పాడే తత్వాలు గుర్తుకు తెచ్చుకుంటే వాటి స్వభావం మనకు తేలికగా అర్థమవుతుంది. ఆ పాటలే తరువాత బడులనూ కట్టించాయి. నాష్‌విల్ నగరంలోని ఫిస్క్ విద్యాసంస్థ అప్పుల్లో మునిగి మూతపడబోతే, 1871లో కొందరు విద్యార్థులు జూబిలీ గాయకులన్న పేరుతో ఊరూరా పాడి నిధులు కూడబెట్టారు. 1873లో విక్టోరియా రాణి ఎదుట కూడా పాడారు. ఆ సొమ్ముతో కట్టిన జూబిలీ హాలు నేటికీ నిలిచి ఉంది. ఆ గాయకుల పరంపరలోని ఒక బృందం 1884-90 మధ్య చేసిన ప్రపంచ యాత్రలో మన దేశానికి కూడా వచ్చింది. కార్వర్ పనిచేసిన టస్కెగీలోనూ ఆదివారం సాయంత్రాలు ప్రార్థన మందిరంలో ఈ పాటలు పాడి తీరాలని వ్యవస్థాపకుడు నియమం పెట్టాడు. చదువుకున్న పిల్లలు తాతల పాటలకు సిగ్గుపడకూడదని ఆయన ఉద్దేశం. ఆ టస్కెగీ బృందగానం 1932లో న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాలు ప్రారంభోత్సవంలో వినిపించింది.

చిత్రలేఖనం నేర్పిన ఎట్టా బడ్ అనే ఉపాధ్యాయిని, నల్లవాడు బొమ్మలేసి బ్రతకడం కష్టమని గ్రహించింది. మొక్కల మీద అతని ప్రేమను చూసి, తన తండ్రి ఆచార్యుడిగా ఉన్న ఏమ్స్‌లోని వ్యవసాయ కళాశాలకు వెళ్ళమని సలహా ఇచ్చింది. 1891లో కార్వర్ అక్కడ చేరాడు. ఆ కళాశాల చరిత్రలో మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే. మొదట్లో భోజనశాలలో అందరితో కూర్చోనివ్వక, కింది గదిలో పాలేర్లతో తినమన్నారు. సంగతి తెలిసి ఇండియానోలా నుంచి ఒక తెల్లజాతి పెద్దావిడ రైలెక్కి వచ్చి, ఆ కింది గదిలోనే అతని పక్కన కూర్చుని భోంచేసింది. ఆ తరువాత పరిస్థితి మారింది. 1894లో పట్టం, 1896లో పై పట్టం పుచ్చుకున్నాడు. అక్కడే మొదటి నల్లజాతి అధ్యాపకుడయ్యాడు. ఆ రోజుల్లో ఒక ఆచార్యుని ఆరేళ్ళ కొడుకును వెంట తీసుకుపోయి పూలు, శిలీంధ్రాలు చూపించి పాఠాలు చెప్పేవాడు. ఆ పిల్లవాడు హెన్రీ వాలెస్ పెద్దవాడై 1941లో అమెరికా ఉపాధ్యక్షుడయ్యాడు.

టస్కెగీలో ఉద్యోగం

అలబామా రాష్ట్రంలోని టస్కెగీలో బుకర్ టి. వాషింగ్టన్ అనే నల్లజాతి నాయకుడు 1881లో ఒక విద్యాలయం నెలకొల్పాడు. విద్యార్థులే ఇటుకలు కాల్చి, గోడలు కట్టి లేపిన బడి అది. వాషింగ్టన్ పిలుపునందుకుని కార్వర్ 1896లో సంవత్సరానికి 1,000 డాలర్ల జీతం మీద వ్యవసాయ శాఖాధిపతిగా చేరాడు. వచ్చి చూస్తే ప్రయోగశాల లేదు. విద్యార్థులను వెంటబెట్టుకుని చెత్తకుప్పలు వెదికి, పగిలిన సీసాలు, పాత దీపాలు, తుప్పుపట్టిన మూతలు ఏరి తెచ్చి ప్రయోగశాల తయారుచేశాడు.

ఆఫీసు చాకిరీ తెలిసిన మన సభ్యులకు ఇంకొక సంగతి చెబితే నవ్వు రావచ్చు. పరిశోధన, పాఠాలు చాలవన్నట్లు కోళ్ళ ఫారం కూడా ఆయన నెత్తిన పెట్టారు. కోళ్ళ లెక్క తేలక, నివేదికలు సరిపోక పైనుంచి సంజాయిషీలు అడిగారు. ఆయన కోపగించి రాజీనామా లేఖలు రాయడం, వాషింగ్టన్ సర్దిచెప్పడం చాలాసార్లు జరిగింది. కార్వర్ గొప్ప పరిశోధకుడే గానీ గొప్ప పరిపాలకుడు కాదు. వాషింగ్టన్ కూడా మాటకు కటువైనవాడు. అయినా ఒకరి విలువ ఒకరికి తెలుసు. 1915లో వాషింగ్టన్ మరణించినప్పుడు కార్వర్ కొంతకాలం దుఃఖం నుంచి తేరుకోలేకపోయాడు.

అప్పటి అలబామా పల్లెల్లో నల్లవారు పేరుకు స్వతంత్రులు. భూమి దొరలది, విత్తనం షావుకారుది, పంట అప్పుకు జమ. ఏడాదికేడాది పత్తి మీద పత్తి వేసి నేల చవుడు బారింది. కార్వర్ చెప్పింది ఒకటే: ఒకే పంట వేయవద్దు. ఒక ఏడు పత్తి వేస్తే మరుసటి ఏడు అలసంద, వేరుశనగ వంటి కాయజాతి పైర్లు వేయమన్నాడు. వాటి వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. ఎరువు కొనలేని పేదవాడికి అది ఊరికే దొరికే ఎరువు. ఆకు అలములు, బురదమట్టి కుళ్ళబెట్టి వాడమన్నాడు. చిలగడదుంపలు వేసుకుంటే ఇంటిల్లిపాదికీ తిండి అన్నాడు.

ఈ మాటలు పుస్తకంలో రాస్తే చదువురాని రైతుకు చేరవు గదా! అందుకని 1906లో ఒక బండి తయారుచేయించారు. మోరిస్ జెసప్ అనే దాత పేరు మీద దానిని జెసప్ బండి అన్నారు. కంచరగాడిదలు లాగే ఆ బండిలో నాగలి, విత్తనాలు, వెన్న తీసే యంత్రం పెట్టుకుని పల్లెపల్లెకు తిరిగి చేలగట్టు మీదనే పాఠం చెప్పేవారు. మన వ్యవసాయ శాఖలో పనిచేసిన మిత్రులు జీపు మీద పల్లెలు తిరిగిన రోజులు గుర్తు చేసుకోవచ్చు. ఆ పద్ధతికి ఆద్యుల్లో ఈయన ఒకడు.

తిరగడం కూడా ప్రాణాపాయమే. 1902లో రేమర్ అనే ఊరికి నల్లపిల్లల బడిని చూడటానికి వెళ్ళినప్పుడు, ఫోటోలు తీసే ఒక తెల్లజాతి స్త్రీ కూడా అక్కడికి వచ్చిందన్న కారణంగా గుంపు తుపాకులతో చేరింది. కార్వర్ రాత్రంతా చీకట్లో నడిచి ప్రాణం దక్కించుకున్నాడు. ఆ ఊరి నల్లజాతి ఉపాధ్యాయుడు పారిపోవలసి వచ్చింది, బడి మూతపడింది. ఒక బడి మూయించటం అంత తేలికగా ఉండేది ఆ రోజుల్లో.

వేరుశనగ కథ

దక్షిణ అమెరికాలో పుట్టిన వేరుశనగను పోర్చుగీసు వారు ఆఫ్రికాకు చేర్చారు. అక్కడి నుంచి బానిసల ఓడల్లో అది ఉత్తర అమెరికాకు వచ్చింది. పందుల మేత అని తెల్లవారు చిన్నచూపు చూసేవారు. పత్తి బుడ్డలను తొలిచే ముక్కుపురుగు 1910 ప్రాంతంలో అలబామాలో ప్రవేశించి పత్తిని నాశనం చేసినప్పుడు రైతులు గత్యంతరం లేక వేరుశనగ వైపు తిరిగారు. ఎంటర్‌ప్రైజ్ అనే పట్టణం వారు తమ కళ్ళు తెరిపించినందుకు 1919లో ఆ పురుగుకే స్మారకచిహ్నం కట్టారు! పంట పెరిగినా కొనేవారు కావాలి. కార్వర్ 1916లో వేరుశనగ సాగు, దానితో చేసుకోదగిన 105 వంటకాల గురించి ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. పాలు, పిండి, నూనె, రంగులు, సబ్బులు మొదలుకొని సుమారు 300 ఉపయోగాలను ఆయన లెక్కవేసి చూపించాడు.

వేరుశనగ వెన్నను ఆయనే కనిపెట్టాడని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు, అంతకుముందే అది వాడుకలో ఉంది. ఆ 300లో బజారులో నిలిచినవీ బహుకొద్ది. ఆయన పొందిన పేటెంట్లు మూడే. పేదవాడు తన పెరట్లో పండినదానితోనే కడుపు నింపుకోవచ్చని, ఇల్లు నడుపుకోవచ్చని చూపించడమే ఆయన సాధించిన ఘనకార్యం.

1921 జనవరిలో విదేశీ వేరుశనగ మీద సుంకం విషయమై అమెరికా ప్రతినిధుల సభా సంఘం ఎదుట మాట్లాడడానికి ఆయనకు 10 నిమిషాలు ఇచ్చారు. మొదట్లో కొందరు సభ్యులు ఆయన జాతిని ఎగతాళి చేశారు. ఆయన కోపగించక, పెట్టెలో నుంచి ఒక్కొక్క సీసా తీసి చూపిస్తూ పోయాడు. సమయం మళ్ళీ మళ్ళీ పొడిగించారు. ముగిసేసరికి చప్పట్లు కొట్టారు. 1922 చట్టంలో సుంకం పడింది. 1923లో నల్లజాతి వారికిచ్చే స్పింగార్న్ పతకం లభించింది.

మన దేశానికి కూడా ఆయనతో సంబంధం ఉంది. దీనబంధు ఆండ్రూస్ 1929లో టస్కెగీని దర్శించాడు. ఆయన ద్వారా గాంధీమహాత్మునికి కార్వర్ శాకాహార నియమాల గురించి సలహాలు, తన కరపత్రాలు పంపాడు.

పోలియో పిల్లలు

నేను పెనుకొండ ప్రాంతంలోని ఒక పల్లెబడిలో పనిచేసేటప్పుడు మూడవ తరగతిలో ఒక పిల్లవాడు అన్న వీపు మీద బడికి వచ్చేవాడు. రెండు కాళ్ళూ పోలియోతో చచ్చుబడ్డాయి. వాడి తల్లి ప్రతి రాత్రీ గోరువెచ్చని శెనగనూనెతో ఆ కాళ్ళు మర్దన చేసేది. ఎన్నేళ్ళు చేసిందో! లెక్కల్లో వాడిని మించినవాడు ఆ తరగతిలో లేడు. కార్వర్ జీవితంలో ఈ భాగం చదివినప్పుడల్లా నాకు ఆ తల్లి చేతులే గుర్తుకు వస్తాయి.

కార్వర్ కూడా పోలియో సోకిన వారికి వేరుశనగ నూనెతో మర్దన చేసేవాడు. 1933 డిసెంబరులో పత్రికల వారు ఆ సంగతి దేశమంతా ప్రకటించారు. ఇక టస్కెగీకి వేలాది ఉత్తరాలు, పిల్లలను ఎత్తుకుని తల్లిదండ్రులు. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడుతున్న ఆ ముసలాయన విసుగులేకుండా గంటల తరబడి మర్దన చేసేవాడు. కొందరు కర్ర వదిలి నడిచారు కూడా. ఆ గుణం నూనెలో లేదని, ఓర్పుతో చేసిన మర్దనలో ఉందని వైద్యులు తేల్చారు. ఉన్న మాట చెప్పుకోవాలి గనుక ఇది కూడా చెప్పాను. పోలియో సోకిన నల్లపిల్లలను మంచి చికిత్సాలయాల్లోకి రానివ్వని కాలమది. 1941లో టస్కెగీలోనే వారి కోసం ప్రత్యేక పోలియో కేంద్రం తెరిచారు.

కార్వర్ పెళ్ళి చేసుకోలేదు. పాత కోటు, దాని మీద ప్రతిరోజూ ఒక తాజా పువ్వు, వసతిగృహంలో చిన్న గది, అంతే ఆయన సంసారం. 1940లో పరిశోధనల కోసం తన పేరు మీద ఒక ఫౌండేషన్ స్థాపించి, మిగిలిన సొమ్ము కూడా దానికే రాసిపెట్టాడు. అంతా కలిపి సుమారు 60 వేల డాలర్లు. 1943 జనవరి 5వ తేదీన, మెట్ల మీద జారిపడిన దెబ్బల నుంచి కోలుకోలేక కన్నుమూశాడు. బుకర్ వాషింగ్టన్ సమాధి పక్కనే ఆయనను ఉంచారు. ఆ ఏడాది జులైలో ఆయన పుట్టిన పొలాన్ని జాతీయ స్మారక స్థలంగా ప్రకటించారు. నల్లజాతి వ్యక్తి పేరు మీద అమెరికాలో అదే మొదటిది.

ఆయనను తప్పుపట్టినవారూ ఉన్నారు. జాతివివక్ష మీద గట్టిగా నోరు విప్పలేదని, తెల్లదొరలు మెచ్చుకునేటట్లు మెత్తగా ఉండిపోయాడని తరువాతి తరం నల్లజాతి యువకులు అన్నారు. అందులో కొంత నిజముంది. ఊరేగింపుల్లో ఆయన కనిపించలేదు. బ్రతికినంతకాలం పేద రైతు చేనులోనూ, తరగతి గదిలోనూ, పిల్లల మంచాల పక్కనా ఉన్నాడు.

ఆయన పోయిన తరువాత

అసలు విశేషం ఆయన మరణించిన పదేళ్ళకు జరిగింది. పోలియో టీకాను పరీక్షించడానికి లెక్కలేనన్ని మానవ కణాలు కావలసివచ్చాయి. ఆ కణాలను పెంచి దేశమంతటి ప్రయోగశాలలకు పంపే పనిని టస్కెగీలోని కార్వర్ ఫౌండేషన్‌కు అప్పగించారు. 1953-55 మధ్య అక్కడి నల్లజాతి శాస్త్రజ్ఞులు, సహాయకులు సుమారు 6 లక్షల కణ కల్చర్లు పంపారు. ఆ కణాలు కూడా హెన్రియెట్టా లాక్స్ అనే పేద నల్లజాతి తల్లివి. ఆమె అనుమతి లేకుండానే 1951లో ఆసుపత్రిలో తీసుకున్నవి. 1955 ఏప్రిల్ 12న సాక్ టీకా పనిచేస్తుందని ప్రకటించారు. నూనెతో తాను మాన్పలేకపోయిన జబ్బును నివారించడంలో కార్వర్ దాచి ఇచ్చిన సొమ్ము ఆ విధంగా పాలుపంచుకుంది.

1995 డిసెంబరులో మన దేశంలో పల్స్ పోలియో మొదలైనప్పుడు మనలో ఎందరో ఆ ఆదివారాల్లో డ్యూటీ చేశారు. ధర్మవరం రైల్వేస్టేషనులో, హిందూపురం బస్టాండులో ఐస్ పెట్టెలు పెట్టుకుని, వచ్చే పోయే పసిబిడ్డలకు చుక్కలు వేశారు. సెలవు పోయిందని ఆ రోజు విసుక్కున్నవారిలో నేనూ ఒకణ్ణి. 2014 మార్చి 27న మన దేశంతో సహా ఆగ్నేయ ఆసియా ప్రాంతం పోలియో లేనిదని ప్రకటించినప్పుడు ఆ విసుగుకు సిగ్గుపడ్డాను.

వేరుశనగ కూడా లోకంలోని పిల్లలను మరువలేదు. 1996లో ఫ్రాన్సులో వేరుశనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు కలిపి ఒక ఆహారం తయారుచేశారు. నీళ్ళు కలపనక్కరలేదు, వండనక్కరలేదు. 2005లో నైజర్ దేశపు కరువులో ఎముకలగూళ్ళయిన పిల్లలు దానితో తేరుకున్నారు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ వంటివి తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలను ఇంటి దగ్గరే ఉంచి ఇలాంటి ఆహారంతో బాగుచేసే పద్ధతిని సమర్థించాయి. మన రాష్ట్రంలో 2020లో బడి మధ్యాహ్న భోజనంలో శెనక్కాయల చిక్కీ చేర్చారు. ఇంట్లో మనవళ్ళకు చేసిపెట్టే పెద్దలు బూజుపట్టిన, ముడుచుకుపోయిన గింజలను ఏరి పారేయడం మాత్రం మరువకూడదు. వాటిలో విషముంటుంది.

మనకు పాఠం

కార్వర్ పేరు చెప్పి వేరుశనగను పొగడి ఊరుకుంటే ఆయనకు అన్యాయం చేసినట్లే. అలబామా వాళ్ళు పత్తితో చేసిన పొరపాటే మనం శెనక్కాయతో చేశాం. మన తాతల కాలంలో ఈ ఎర్రనేలల్లో కొర్ర, సజ్జ, జొన్న, రాగి, కంది, అనుము, ఉలవ పండేవి. నూనె గింజకు ధర పలికేసరికి అవన్నీ వెనక్కి పోయి, కొండ వాలు నుంచి చెరువు కట్ట దాకా వేరుశనగ ఒక్కటే మిగిలింది. 2000 ఖరీఫ్‌లో వైరస్ తెగులు ఒక్కటి వచ్చి అనంతపురం జిల్లాలో లక్షల ఎకరాల పైరును తుడిచిపెట్టింది. ఒకే పంట మీద ఊరంతా ఆధారపడితే ఏమవుతుందో కార్వర్ నూరేళ్ళ క్రితమే చెప్పాడు. వేరుశనగ సాళ్ళ మధ్య కంది వేయమని, పంట మార్చమని మన వ్యవసాయ శాఖ వారు చెబుతున్నది కూడా అదే. కదిరి పరిశోధనా కేంద్రం వారు బెట్టను తట్టుకునే రకాలు ఎన్ని ఇచ్చినా, నేలకు విశ్రాంతి, మార్పు ఇవ్వవలసినవాడు రైతే. 2022లో మన మూడు ఊళ్ళూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. అయినా వాన కోసం ఆకాశం వైపు చూసే కళ్ళు తగ్గలేదు.

మనం పదవీ విరమణ చేసినవాళ్ళం. కార్వర్ 78 ఏళ్ళ దాకా విరమించలేదు. ఆయనలాగా అందరం కాలేము, కానక్కరలేదు కూడా. ఊళ్ళోని బడిలో వారానికి ఒక గంట లెక్కలు చెప్పవచ్చు. పొలం ఉన్న కొడుకుతో నాలుగు కంది సాళ్ళు వేయించవచ్చు. మనవరాలికి ఒక పాత పాట నేర్పవచ్చు. నేర్చుకున్నది తిరిగి పంచమని మంత్రసాని మరియా వాట్కిన్స్ ఒక అనాథ పిల్లవాడికి చెప్పిన మాట మనకూ వర్తిస్తుందని నేను నమ్ముతున్నాను.

అన్న వీపు మీద బడికి వచ్చిన ఆ పిల్లవాడు తరువాత బి.కాం. చదివి, ఒక కార్యాలయంలో లెక్కల గుమాస్తాగా చేరాడు. మూడు చక్రాల బండి మీద వస్తూ ఒకసారి సంతలో కనిపించి పలకరించాడు. ఒళ్ళో ఏడాది పాప ఉంది. ఆ పాపకు చుక్కలు వేయించావా అని అడిగాను. అన్ని విడతలూ వేయించానని, ఒక్కటి కూడా తప్పనివ్వలేదని చెప్పాడు.

— ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, పెనుకొండ